నలభైకి ముప్పై తొమ్మిది

"కొట్టేసి రాస్తే ఏ ఆఫీసుల తీసుకుంటరే? నువ్వే చెప్పు," అన్నాడు జనార్దన్ మూడోసారి.

"ఇది ఆఫీసు కాగితం కాదు. నా బిడ్డ కాలేజీ కాగితం," అంది విద్యావతి పెన్ను వదలకుండా.

"కాలేజీ ఆఫీసు కాదా? రెండు ప్రశ్నలకే రెండు కొట్టివేతలు. ఇంకా నలభై ఎనిమిది ఉన్నయి. అయ్యేసరికి ఈ కాగితం దువ్వుకోని జుట్టు లెక్క అయితది."

"ముందు 'ఒప్పుకుంటాను' అనుకున్న. తర్వాత కాదనిపించింది. కొట్టేసిన."

"గదే చెప్తున్న. అనుకునుడంత అయినంక పెన్ను పట్టాలె."

ఉప్మా తింటున్నప్పుడు మొదలైన గొడవ అది. ప్లేట్లు ఎండిపోయినా తెగలేదు. కూతురు వైశాలి మంచం మీద కాగితాల కట్టలు పరుచుకుని లెక్కపెట్టుకుంటోంది. తల్లి వైపూ మాట్లాడలేదు, తండ్రి వైపూ మాట్లాడలేదు. "ఎవరో ఒకరు జల్ది నింపండి. నాకు పదకొండింటికి బస్సు," అంది తల ఎత్తకుండా.

వైశాలి కోఠిలో మనస్తత్వ శాస్త్రం ఎమ్మెస్సీ చదువుతోంది. రెండో ఏడాది. నడివయసు గృహిణులకు వీడియో గేములు ఆడే అలవాటు ఎంతుంది, ఆ అలవాటుకూ వాళ్ల వ్యక్తిత్వానికీ ఏమైనా సంబంధం ఉందా అన్నది ఆమె పరిశోధన. నూట ఇరవై మంది ఆడవాళ్లతో కాగితాలు నింపించాలి. మొదటి భాగంలో ఏ ఆటలు ఆడతారు, వారానికి ఎన్ని గంటలు అని ఉంటుంది. రెండో భాగంలో యాభై వాక్యాలు, ఒక్కొక్క దాని ఎదురుగా ఐదు గడులు. 'పూర్తిగా ఒప్పుకుంటాను' దగ్గర మొదలై 'అస్సలు ఒప్పుకోను' దాకా. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి.

మొదటి వాక్యం: నాకు కోపం తొందరగా రాదు. దాని దగ్గరే విద్యావతి ఆగిపోయింది. ఒక గడిలో పెట్టి కొట్టేసి, ఇంకో గడిలో పెట్టింది. రెండో వాక్యానికీ అంతే. నిజం చెప్పాలంటే ఆమెకు ఆ పని బాగుంది. ఇన్నేళ్లలో ఇట్లాంటి సంగతులు ఆమెను అడిగినవాళ్లు లేరు. జవాబు వెతుక్కోవడానికి కాస్త టైం పడుతోంది, అంతే.

జనార్దన్‌కు నాంపల్లి కోర్టుల పక్క సందులో జిరాక్సు, టైపింగ్ దుకాణం ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వచ్చేవాళ్లకు ఫారాలు నింపిపెట్టడమే ఆయన పని. అఫిడవిట్లు, ఆదాయం సర్టిఫికెట్లు, పేరు మార్పులు, పెన్షన్ కాగితాలు. తాను నింపిన ఫారం ఒక్కటి కూడా వాపసు రాలేదని ఆయన గర్వం. ఇంట్లో కూడా రేషన్ కార్డు దగ్గరినుంచి కుక్కరు గ్యారంటీ కార్డు దాకా ఆయనే నింపుతాడు. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు వేస్తాడు. విద్యావతి అక్కడ సంతకం పెడుతుంది. తర్వాత ఆయన ఆ పెన్సిల్ గుర్తును రబ్బరుతో జాగ్రత్తగా తుడిచేస్తాడు.

ఆవేళ కూడా అంతే జరిగింది. కొట్టివేతలున్న కాగితం చింపేసి, కొత్తది తీసుకుని, వాచీ చూసుకున్నాడు.

"గేములు ఆడతారా... ఆడను," అని చదువుతూనే టిక్కు పెట్టేశాడు.

"నేను ఆడత గదా," అంది విద్యావతి. ఒళ్లో ఉన్న ఫోను అప్పుడే రెండుసార్లు గుర్రుమంది.

"అది రాస్తావా? రేపు కాలేజీల మేడం, మీ అమ్మకు ఇంట్ల పని లేదా అని నీ బిడ్డనే అడుగుతది. రేపు ఎవరన్న వచ్చి అడిగే మాట ఫారంల ఉండొద్దు. ఇది నా రూలు."

ఏడు నిమిషాల్లో యాభై వాక్యాలూ అయిపోయాయి. ఆమె పెన్సిల్ గుర్తు దగ్గర సంతకం పెట్టింది. ఆయన గుర్తు తుడిచాడు. వైశాలి కాగితం తీసుకుని పైన పదిహేడు అని నంబరు వేసింది.

విద్యావతి ఆడేది కోటల ఆట. నాలుగేళ్ల కింద కొడుకు శ్రావణ్ నేర్పించాడు. అతను అబిడ్స్‌లో ఒక మొబైల్ దుకాణంలో పని చేస్తాడు. పాత ఫోను ఒకటి తెచ్చిచ్చి, "అమ్మా, బోర్ కొడితే ఆడుకో," అన్నాడు. ఎవరి కోట వాళ్లు కట్టుకోవాలి. గోడలు, ఫిరంగులు, కాపలా. ఇంకొకళ్ల కోటల మీద పడాలి. ఒంటరిగా పడితే లాభం లేదు, గుంపు కట్టాలి. విద్యావతి గుంపులో ఇప్పుడు నలభై ఏడు మంది. వరంగల్ పిల్లలున్నారు, వైజాగ్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి, పాట్నా నుంచి ఒకడు. గుంపు పెద్ద ఆమే. ఎప్పుడు దాడి చెయ్యాలి, ఎవరు ముందు వెళ్లాలి, ఎవరు వెనక ఉండాలి, అన్నీ ఆమే చెప్తుంది. వాళ్లంతా ఆమెను 'విద్యా భాయ్' అంటారు. యాభై ఒక్క ఏళ్ల ఆడమనిషి అని ఎవరికీ తెలియదు, ఆమె చెప్పలేదు.

మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడున్నర దాకా ముందరి గదిలో కిటికీ పక్కన దివాను మీద కూర్చుంటుంది. ఇల్లు ఆ రెండు గంటలే ఖాళీ. దగ్గర్లోని నాంపల్లి స్టేషన్ నుంచి రైళ్ల అనౌన్స్‌మెంట్లు వినిపిస్తుంటాయి. ఆమె ఊళ్లు తగలబెడుతుంటుంది. చేతకాని వాళ్లను తిడుతుంది కూడా, పైకే.

శ్రావణ్ కూడా ఒకప్పుడు ఆ గుంపులోనే ఉండేవాడు. రెండు దాడులకు రాలేదని తీసేసింది.

"కన్న కొడుకును తీసేస్తవా అమ్మా?" అని వాడు రెండు రోజులు అలిగాడు.

"యుద్ధానికి రానోడు కొడుకైతే ఏంది, కాకపోతే ఏంది?" అంది ఆమె ఉల్లిగడ్డలు తరుగుతూ. వాడికి నవ్వు ఆగలేదు. ఆ విద్యావతి ఆ ఇంట్లో శ్రావణ్‌కు ఒక్కడికే తెలుసు.

కాగితాలు నింపిన నెలన్నరకు హిమాయత్‌నగర్‌లో జనార్దన్ అన్న భావనారాయణ బాత్రూంలో జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. ఆయన భార్య పోయి ఆరేళ్లయింది, కొడుకు రత్నాకర్ దగ్గర ఉంటున్నాడు. రత్నాకర్ ఒక సాయంత్రం జనార్దన్ దుకాణానికి వచ్చి చాలాసేపు కూర్చుని వెళ్లాడు.

మరునాడు పొద్దున్న చాయ్ తాగుతూ జనార్దన్ సంగతి బయటపెట్టాడు.

"అన్నను ఇంకో పది రోజులల్ల దవాఖాన నుంచి పంపిస్తరట. ముందరి రూంల మంచం వేస్తె సరిపోతది. ఆ దివాను తీసి నడవల పెడదాం."

విద్యావతి గ్లాసు కింద పెట్టింది. "వాళ్లింట్ల మూడు రూములున్నయి."

"రూముల సంగతి కాదే. మనుషుల సంగతి. ఆ కోడలు పిల్ల పొద్దున పోతే చీకటి పడ్డంక వస్తది. మనింట్ల నువ్వుంటవు గదా."

భార్య పోయిన ఏడాది భావనారాయణ ఇక్కడే నాలుగు నెలలు ఉన్నాడు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. నోరు తెరిచి ఒక్క మాట అనడు. భోజనాల దగ్గర ఏదైనా కావాలంటే వేలికున్న ఉంగరంతో కంచం అంచు మీద టక్ టక్ మని కొడతాడు. ఒకసారి కొడితే అన్నం. మళ్లీ కొడితే పులుసు. ఏది కావాలో ఆయన చెప్పడు, ఆమె తెలుసుకోవాలి. తెలుసుకోలేకపోతే కంచం ముందుకు తోసేసి లేచిపోతాడు. నాలుగు నెలల్లో ఆమె ఒక్క పూట కూడా కూర్చుని తినలేదు. ఇప్పటికీ ఎక్కడైనా స్టీలు మీద గరిటె తగిలితే సగం లేస్తుంది. అప్పుడు ఆయన నడిచే మనిషి. ఇప్పుడు మంచం మీద మనిషి.

"నాతోని కాదు," అంది.

జనార్దన్ ఆమె వైపు, తనకు తెలియని కొత్త కాలమ్ ఉన్న ఫారాన్ని చూసినట్టు చూశాడు.

"కాదంటే?"

"కాదంటే కాదు. నా ఒల్ల కాదు."

"పైకి అట్ల అంటవ్ గానీ, నీకు లోపల అట్ల ఉండదు."

"నా లోపల సంగతి మీకెవరు చెప్పిన్రు?"

"సైన్సు చెప్పింది," అని నవ్వాడు జనార్దన్. "వైశూ, జర మీ అమ్మ మార్కులు చదువు."

వైశాలి లాప్‌టాప్ మీంచి చూసింది. "డాడీ, అవి బయటకు చెప్పొద్దు. కాన్ఫిడెన్షియల్."

"ఇంట్లోళ్లకు కాన్ఫిడెన్షియల్ ఏంది బిడ్డా? మొన్న నాకు చెప్పినవ్ గదా. మీ అమ్మకు కూడ చెప్పు, సంతోషపడతది."

వైశాలికి కూడా ఆ సంగతి చెప్పాలనే ఉంది. యాభై వాక్యాల్లో ఎనిమిది ఓపికకు, ఇతరులకు సర్దుకుపోయే గుణానికి సంబంధించినవి. ఒక్కొక్క దానికి ఐదు మార్కులు. మొత్తం నలభై.

"అమ్మకు ముప్పై తొమ్మిది," అంది. "నలభైకి ముప్పై తొమ్మిది. నూట ఇరవై మందిల అమ్మదే ఫస్ట్. మా మేడం కూడ ఆశ్చర్యపోయింది. గేములు ఆడనోళ్లల్ల ఓపిక ఎక్కువుంటదని నా చాప్టర్ల ఫస్ట్ ఉదాహరణ అమ్మనే. పేరు పెట్టలే. పదిహేడో నంబరు."

జనార్దన్ మొహం, సొంత బిడ్డకు ఫస్టు ర్యాంకు వచ్చినట్టు వెలిగిపోయింది. "విన్నవా? నూట ఇరవై మందిల. నువ్వు చూసుకోకపోతే మా అన్నను ఇంకెవరు చూసుకుంటరే?"

విద్యావతి కొడుకు వైపు చూసింది. శ్రావణ్ గడప దగ్గర బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. వాడికి తెలుసు. ఒక్కసారి తల ఎత్తాడు, తల్లి చూపు తగిలింది, మళ్లీ దించేశాడు. ముందరి గది కాకపోతే మంచం పట్టే గది ఇంట్లో ఇంకొకటే ఉంది. అది శ్రావణ్‌ది.

"దుకాణానికి లేటైతుంది," అని వాడు మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం వంటింట్లో వైశాలి చపాతీలు వత్తుతుంటే విద్యావతి పెనం దగ్గర నిలబడి అడిగింది.

"వైశూ, ఆ కాగితం నేను రాయలే. మీ నాన్న రాసిండు. నీ కండ్ల ముందరనే రాసిండు."

"తెలుసమ్మా."

"తెలిసి ఎట్ల మార్కులు వేసినవ్?"

వైశాలి కర్ర ఆపింది. "అమ్మా, ఇప్పుడు అట్ల అనకు. లెక్కలన్నీ అయిపోయినయి. ఒక్క ఫారం తీస్తే టేబుల్స్ మొత్తం మళ్లా చెయ్యాలె. ఉదాహరణ మార్చాలె. మేడం చాప్టర్ ఓకే చేసేసింది. పదిహేనో తారీకు సబ్మిషన్."

"నేను గేములు ఆడనని ఉన్నది అండ్ల."

"నువ్వాడేది టైంపాస్ కదా. మేము అడిగేది అలవాటు గురించి."

"వారానికి పద్నాలుగు గంటలు," అంది విద్యావతి. చపాతీ మాడింది. తీసి పక్కన పెట్టింది. "నాకు కోపం రాదని ఉన్నది అండ్ల. నాకు ఎంత కోపం వస్తదో నీకు తెలుసునా?"

వైశాలికి నవ్వొచ్చింది. పిండి అంటిన చేతులు దూరంగా పెట్టి, మోచేతులతో తల్లి భుజాలు పట్టుకుంది. "అయినా డాడీ తప్పు రాసిండా చెప్పు? ఇయ్యాల తప్ప నువ్వు ఎప్పుడన్న ఎవరినన్న కాదన్నవా? ఎవరు నింపినా అదే స్కోరు వస్తుండె. అది నువ్వు కాదా అమ్మా?"

ప్రేమగానే అంది. అందులో అబద్ధం లేదు. రెండేళ్లు మనుషుల స్వభావాలు చదువుకున్న పిల్ల, ఇరవై నాలుగేళ్లు ఆ వంటింట్లోంచే తిన్న పిల్ల, తల్లిని ముద్దుగా పట్టుకుని ఆ మాట అంది. తిట్టినా విద్యావతికి అంత మంట ఉండేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం ఒకటిన్నరకు గుంపు వాళ్లు పిలుస్తుంటే ఫోను గుర్రుమంటూనే ఉంది. ఆమె తీయలేదు. కూతురి బల్ల కింద ఉన్న అట్టపెట్టె బయటకు లాగింది. అందులో ఫారాలన్నీ నంబర్ల వరసలో ఉన్నాయి. పదిహేడోది తీసి దివాను మీద పెట్టుకుని యాభై వాక్యాలూ చదివింది.

జనార్దన్ టిక్కు పెట్టే తీరు వేరు. కింద చిన్న కొక్కెం, పైన పొడుగ్గా తోక, చివర కొంచెం వంపు. ముప్పై ఏళ్లుగా ఒకే నీలం సిరా. ఆ ఎనిమిది వాక్యాల్లో ఏడింటికి 'పూర్తిగా ఒప్పుకుంటాను'. ఒక్క దానికి మాత్రం 'కొంతవరకు ఒప్పుకుంటాను'. ఆ వాక్యం: ఇతరులు చేసిన తప్పులను నేను మరిచిపోతాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించాడో ఆమెకు అర్థమైంది. ఆయనే దుకాణంలో కొత్తగా చేరిన పిల్లకు చెప్తుంటే విన్నది. అన్నీ బాగుంటే ఆఫీసర్‌కు అనుమానమొస్తది, ఒక చోట కొద్దిగ తగ్గించాలె.

కాగితం మళ్లీ పెట్టెలో పెట్టబోతుంటే పద్దెనిమిదో నంబరు కనబడింది. అదే టిక్కు. అదే తోక.

తర్వాతి దాన్లోనూ అదే. ఆమె కింద కూర్చుని ఒక్కొక్కటే తీసింది. ఈ బిల్డింగులో, ఈ సందులో ఉన్న ఆడవాళ్లవి. సంతకాలు మాత్రం వాళ్లవే. కోర్టు పనులకు పోతూ వాళ్ల భర్తలు ఖాళీగా తెచ్చి జనార్దన్ దుకాణంలో ఇచ్చి, నింపాక సంతకాల కోసం ఇంటికి తీసుకుపోయినవి. కూతురి పని తొందరగా కావాలని ఆయన కూర్చుని నింపాడు. కింది అంతస్తులో నర్మద ఉంది. నీళ్ల ట్యాంకర్ వచ్చిన ప్రతి పొద్దూ ఆమె గొంతు నాంపల్లి స్టేషన్ దాకా వినిపిస్తుంది. ఆమె కాగితంలో, కోపం అస్సలు రాదు. పైన సునంద ఆరేళ్ల నుంచి తోడికోడలితో మాట్లాడదు, ఒకే మెట్ల మీద ఎదురైనా మొహం తిప్పుకుంటుంది. ఆమె కాగితంలో, అందరితో కలిసిపోతుంది, పూర్తిగా. ఆ ఎనిమిది వాక్యాల్లో ఒక్కొక్కరికి రెండు మూడు చోట్ల ఒక్కొక్క మార్కు తక్కువ. ఎవరూ గేములు ఆడరు.

ఇరవై ఆరు కాగితాలు. ఇరవై ఆరుగురు ఆడవాళ్లలో ఒక్కరికీ కోపం రాదు.

మొదటి పేజీ ఆమె అప్పుడు చూసింది. నింపిన రోజు తాను నేరుగా వాక్యాల దగ్గరే మొదలుపెట్టింది, తర్వాత ఆయన సంతకం దగ్గరికే తిప్పి ఇచ్చాడు. అందులో చిన్న అక్షరాలతో ఇట్లా ఉంది: 'పాల్గొనేవారు ఏ దశలోనైనా, ఏ కారణమూ చెప్పకుండా, ఈ అధ్యయనం నుంచి తప్పుకోవచ్చు. దానివల్ల వారికి ఎటువంటి నష్టమూ కలగదు.'

పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో ఆమె ఎన్ని కాగితాల మీద సంతకం పెట్టిందో లెక్క లేదు. ఇట్లాంటి మాట ఒక్క దాంట్లోనైనా ఉందో లేదో ఆమెకు తెలియదు, ఏదీ చదవలేదు కనుక. ఆ రెంటిలో మొదటి వాక్యం బాగుంది. రెండో వాక్యం రాసినవాళ్లు ఎవరో గానీ, సంసారం చేసినవాళ్లు మాత్రం కాదు.

మిగిలిన ఇరవై ఐదూ వరసలో సర్ది పెట్టెలో పెట్టింది. వాటి సంగతి ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియలేదు. నర్మదకు చెప్తే నవ్వుతుంది, లేదా తిడుతుంది. పదిహేడో కాగితం కూడా ఉన్నచోటే పెట్టి, పెట్టెను బల్ల కిందికి నెట్టింది.

గురువారం అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణానికి వెళ్లింది. పిల్లలు చదువుకునే రోజుల్లో స్కూలు యూనిఫాంలు కొన్న దుకాణం అది. గాజు తలుపు మీద 'సేల్స్‌కు మహిళలు కావలెను' అని అట్ట వేలాడుతోంది. వారం రోజుల కింద జీడిపప్పు కొనడానికి వచ్చినప్పుడు చూసింది. అప్పుడు చూసి వెళ్లిపోయింది.

గల్లా దగ్గర కూర్చున్నామె, ఆమెదే దుకాణం, ఒక పేజీ ఫారం ఇచ్చింది. విద్యావతి అలవాటుగా సంతకం చోటు వెతికింది. పెన్సిల్ గుర్తు లేదు. బట్టల తానుల పక్కన స్టూలు మీద కూర్చుని పైనుంచి మొదలుపెట్టింది. పుట్టిన తేదీ దగ్గర పెళ్లి తేదీ రాసి కొట్టేసింది. ఫోను నంబరు దగ్గర జనార్దన్ నంబరు రాసి కొట్టేసింది. 'అనుభవం' అన్న చోట చాలాసేపు ఆగింది. తర్వాత 'నలభై ఏడు మందికి పెద్ద' అని రాసి, వెంటనే సిగ్గుపడి కొట్టేసింది. 'లేదు' అని రాసింది. దాన్నీ కొట్టేసి, 'ఇరవై ఏడేండ్లు ఇల్లు' అని రాసింది.

గల్లా ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. "ఈ నలభై ఏడు మంది ఏందమ్మా?"

"ఏం లేదండి. కొట్టేసిన."

"సీజన్ల తల్లులు మీద మీద పడతరు. సైజు సరిపోలేదని విసిరేస్తరు. కోపం వస్తదా నీకు?"

విద్యావతి కొంచెం ఆలోచించింది. ఈసారి జవాబుకు ఎవరూ తొందర పెట్టలేదు.

"వస్తది," అంది.

"రావాలె. లేకుంటే నెత్తికెక్కుతరు. సోమవారం నుంచి రా. పది నుంచి ఎనిమిది. అన్నం తినెతందుకు అరగంట."

ఇంటికి నడిచి వస్తూ ఆ గంటలు మనసులో వేసుకుంది. ఒకటిన్నర, మూడున్నర, రెండూ ఆ పదీ ఎనిమిదీ మధ్యే పడుతున్నాయి. ఏ రెండు గంటలు పోతాయని ఆమె అంత మథనపడిందో, వాటిని తన చేత్తోనే దుకాణానికి ఇచ్చి వస్తోంది. ఇంట్లో ఉంటే వాటికి ఎట్లాగూ ఉంగరం చప్పుడే.

ఆ సాయంత్రం గుంపు పెత్తనం పాట్నా అతనికి అప్పగించింది.

'ఎందుకు భాయ్?' అని అతను రాశాడు.

'నౌకరీ దొరికింది,' అని రాసింది.

'ముబారక్ భాయ్!' అని ఒకరి తర్వాత ఒకరు ముప్పై మంది పెట్టారు. ఆమె మొహం, వయసు తెలియని ముప్పై మంది. ఆ కబురు ఇంట్లో ఎవరికీ ఇంకా తెలియదు.

ఆదివారం మధ్యాహ్నానికి రత్నాకర్ తండ్రిని ఆటోలో తీసుకొచ్చాడు. ఇద్దరు పట్టుకుని మెట్లు ఎక్కించారు. ముందరి గదిలో ఇనుప మంచం అప్పటికే వేసి ఉంది. దివాను నడవలో గోడకు నిలువుగా ఆనించి ఉంది. భావనారాయణను చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, ముందు స్టూలు వేసి కంచం పెట్టారు. మిగిలినవాళ్లు కింద కూర్చున్నారు. విద్యావతి అందరికీ వడ్డించి, తన కంచం కూడా తెచ్చుకుని వైశాలి పక్కన కూర్చుంది. ఎవరూ గమనించలేదు.

"పిన్ని ఉందనే నాకు ధైర్యం," అన్నాడు రత్నాకర్. "మా ఆవిడ కూడ అదే అన్నది. పిన్నికి ఉన్నంత ఓపిక మాకు లేదు అన్నది."

"ఇదేదో మనం అనే మాట కాదు రత్నాకర్," అన్నాడు జనార్దన్ ముద్ద కలుపుతూ. "వైశాలి రీసెర్చిల తేలింది. నలభైకి ముప్పై తొమ్మిది. యూనివర్సిటీ మొత్తం చదువుతది రేపు."

"మా స్కూళ్ల ఉంటే ఫస్టు బెంచీల కూర్చోబెడుతుంటి," అన్నాడు భావనారాయణ. ఆయన అన్న ఒకే ఒక్క మాట అది. అందరూ నవ్వారు.

అప్పుడు ఆయన ఉంగరం కంచం అంచుకు తగిలింది. టక్ టక్.

విద్యావతి మోకాళ్లు వాటంతట అవే కదిలాయి. ఆమె అరచేతిని నేల మీద ఆనించి అట్లాగే కూర్చుంది. మళ్లీ టక్ టక్. శ్రావణ్ తల్లి వైపు చూశాడు. మూడోసారి చప్పుడుకు వాడే లేచి పులుసు గిన్నె తీసుకుని పెద్దనాన్న దగ్గరికి వెళ్లాడు.

"వైశూ," అంది విద్యావతి, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా. "పదిహేడో నంబరు తీసెయ్. నేను తప్పుకుంటున్న."

వైశాలి చేతిలో ముద్ద ఆగింది. "అమ్మా, ఇప్పుడా? ఇంకో ఐదు రోజులల్ల సబ్మిషన్. ఎందుకు?"

"ఎందుకో చెప్పనక్కర లేదని నీ కాగితంలనే ఉన్నది. మొదటి పేజీల."

వైశాలి తండ్రి వైపు చూసింది. ఆయన ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు.

"బావగారు ఉంటే ఉండొచ్చు," అంది విద్యావతి, గొంతు ఏమాత్రం పెంచకుండా. "తమ్ముని ఇల్లు. వద్దనడానికి నేనెవరిని? చూసుకునెతందుకు మాత్రం నేను ఉండ. రేపటి నుంచి అబిడ్స్‌ల యూనిఫాంల దుకాణంల పనికి పోతున్న. పొద్దున పదింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా."

పులుసు గిన్నె పట్టుకుని శ్రావణ్ నిలబడిపోయాడు. రత్నాకర్ నీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండా దించాడు. కిటికీ అవతల స్టేషన్‌లో ఏదో రైలు గంట ఆలస్యమని తెలుగులో చెప్పి, హిందీలో చెప్పి, ఇంగ్లీషులో చెప్పారు.

జనార్దన్ అందరి మొహాలూ చూసి, చివరికి భార్య వైపు తిరిగాడు. ఎన్నో అడగొచ్చు. ఆయన నోటికి వచ్చింది ఒకటే.

"ఫారం ఎవరు నింపిన్రు?"

"నేనే," అంది విద్యావతి అన్నంలో చారు పోసుకుంటూ. "నాలుగు కొట్టివేతలున్నయి. తీసుకున్నరు."